ఎవరికి చెప్పుకోవాలి?

మా వీధి చివర రెండు వందల గజాల ఖాళీ ప్లాటు ఒకటి ఉండేది. సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగి లోపల ఏముందో పట్టపగలు కూడా కనిపించేది కాదు. ఎదురుగా ఉన్న స్తంభానికి లైటు వెలిగేది కాదు. రాత్రి ఎనిమిది దాటితే నలుగురైదుగురు సీసాలు తెచ్చుకుని ప్రహరీ పక్కన కూర్చునేవాళ్లు. వానలు పడితే మోకాలి లోతు నీళ్లు, ఆ నీళ్లనిండా దోమలు. చెత్త సంచులు అక్కడే విసిరేసేవాళ్లు కనుక కుక్కలూ అక్కడే. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ మలుపులో సైకిలు దిగి, తెలిసిన పెద్దవాళ్లెవరైనా అటు వచ్చేదాకా కిరాణా కొట్టు ముందు నిలబడి, వాళ్ల వెనకే నడిచి వచ్చేవాళ్లు. మా పక్కింటి పిల్ల అలా నిలబడుతోందని మాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు. ఇంట్లో చెబితే ట్యూషన్ మాన్పిస్తారని చెప్పలేదట.

రెండేళ్లపాటు వీధిలో అందరి నోటా ఒకటే మాట: "ఎవరికి చెప్పుకోవాలండీ?" ఆ మాటని మనం జవాబు కోసం అడగం. జవాబు లేదని ముందే అనేసుకుని నిట్టూరుస్తాం. కానీ జవాబు ఉంటుంది. చాలాసార్లు మన ఇంటికి నడిచివెళ్లేంత దూరంలోనే ఉంటుంది. ఆ సంగతి నేను ఆ ప్లాటు దగ్గరే నేర్చుకున్నాను.

కాగితం చదివినవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

మొదట మేం చేసింది అందరూ చేసేదే. పదిమందిమి కలిసి మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాం. అందరం ఒకేసారి మాట్లాడాం. "రాసివ్వండమ్మా" అన్నారు. రాసిచ్చాం. మా కాలనీలో అసాంఘిక కార్యకలాపాలు పెరిగిపోయి మహిళలు, చిన్నారులు భయాందోళనలకు గురవుతున్నారని, కావున తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరుతున్నామని అరపేజీ రాసి, కింద ముప్ఫై సంతకాలు పెట్టాం. నాలుగు నెలలు గడిచాయి. ఏమీ జరగలేదు.

మా వీధిలోనే ఒక పెద్దాయన ఉన్నారు. తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అందరం బాబాయిగారూ అంటాం. ఆ అర్జీ జిరాక్సు తీసుకెళ్లి ఆయనకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అమ్మాయ్, ఈ కాగితం చదివినవాడు కుర్చీలోంచి లేచి ఎక్కడికి వెళ్లాలి?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు.

"ఇలాంటివి మా ఆఫీసుకి రోజూ వచ్చేవి. వాటిమీద ఏం రాయాలో మాకు తెలిసేది కాదు. 'తగు చర్య నిమిత్తం' అని రాసి కింది సీటుకి పంపేవాళ్లం. వాళ్లూ అదే రాసి ఇంకో సీటుకి పంపేవాళ్లు. ఇందులో ప్లాటు నంబరు లేదు, స్తంభం నంబరు లేదు, తాగేవాళ్లు ఏ టైముకి వస్తారో లేదు. ముప్ఫైమంది కోపం ఉంది. కోపానికి ఏ సెక్షనూ లేదమ్మా ఆఫీసులో."

కాగితం వెనక్కి తిప్పి ఆయనే ఒకటి కింద ఒకటి రాయించారు. లైటు. తుప్పలు. నిలవ నీళ్లు. చెత్త. కుక్కలు. తాగుబోతులు. మేం ఒక సమస్య అనుకుంటున్నది ఆరు పనులు. ఆరింటికీ ఒకే మనిషి లేడు. ఆరూ కలిపి చెబితే ఎవరికి వాళ్లు అది పక్కవాళ్ల పని అనుకుంటారు, అలా అనుకోవడంలో వాళ్ల తప్పు కూడా పెద్దగా ఉండదు.

మీ వీధిలో మిమ్మల్ని బాధపెడుతున్నది ఏదైనా సరే, ముందు ఒక కాగితం తీసుకుని ఇలా విడదీయండి. గంట పడుతుంది. ఆ గంట గడపకుండా ఆఫీసుల చుట్టూ తిరగొద్దు.

ముక్కకో మనిషి

వీధిలైటు సంగతే చూడండి. లైటు వెలగకపోతే మనం లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాం. ఆయన నాది కాదంటాడు, మనకి కోపం వస్తుంది. నిజంగానే ఆయనది కాదు. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, ఒరిగిపోయిన కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థవి, వాటికి ఫోన్ 1912. స్తంభానికి తగిలించిన వీధిదీపం మాత్రం మునిసిపాలిటీది, పల్లెలో అయితే పంచాయతీది. స్తంభం మీద పెయింటుతో నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు చెప్పి ఫిర్యాదు చేస్తే మా లైటు నాలుగో రోజుకి వెలిగింది. రెండేళ్ల చీకటి అది.

డ్రైనేజీలోనూ ఇదే తికమక. హైదరాబాదులో రోడ్డు మీద పొంగే మురుగు మ్యాన్‌హోల్ జలమండలిది, ఫోన్ 155313. వాననీటి కాలువ మునిసిపల్ కార్పొరేషన్‌ది. మిగతా ఊళ్లలో ఎక్కువచోట్ల రెండూ మునిసిపాలిటీయే చూస్తుంది. మూత లేని మ్యాన్‌హోల్ కనబడితే మాత్రం ఎవరిదో తేల్చుకునేదాకా ఆగకండి. ఒక ఎర్ర గుడ్డ కట్టిన కర్రో, చెట్టు కొమ్మో నిలబెట్టి అప్పుడు ఫోన్ చేయండి.

తుప్పలు, నిలవ నీళ్లు ప్లాటు ఓనరు బాధ్యత. ఆ ఓనరెవరో మా వీధిలో ఎవరికీ తెలియదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ప్లాటు నంబరు, సర్వే నంబరు ఉంటే రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించవచ్చు. ఎవరి దగ్గర నుంచి ఎవరు కొన్నారో అందులో ఉంటుంది. మేం ఈసీ తీయించి, అందులోని పేరుతో వాకబు చేస్తే ఓనరు అమెరికాలో ఉంటాడని, ఆయన బావమరిది మా పక్క మండలంలోనే ఉంటాడని బయటపడింది. బావమరిది ద్వారా ఫోన్ కలిపితే ఆ ఓనరు అబ్బాయి గొంతులో నిజమైన బాధ వినిపించింది. "అక్కా, నాన్న కొన్న స్థలం. నేను పదేళ్లుగా చూడనే లేదు. అక్కడ పిల్లలు భయపడుతున్నారని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ వారమే డబ్బు పంపాడు. జేసీబీతో తుప్పలు తీయించి, పల్లంలో మట్టి పోయించి, చుట్టూ కడీలు పాతి ఫెన్సింగ్ వేయించాం. ప్రతి ఓనరూ ఇలా ఉండడు, నాకు తెలుసు. వినని ఓనరుకి నోటీసు ఇచ్చే అధికారం మునిసిపాలిటీకి ఉంది. కానీ ముందు ఆ మనిషిని వెతికి పట్టుకుని మర్యాదగా చెప్పడం మన పని.

కుక్కల విషయంలో మా వీధిలోనే పెద్ద గొడవ జరిగింది. సగం మంది పట్టుకెళ్లి దూరంగా వదిలేయమన్నారు, సగం మంది అన్నం పెట్టేవాళ్లు. వీధికుక్కల్ని పట్టుకెళ్లి ఇంకో ఊళ్లో వదలడానికి చట్టం ఒప్పుకోదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆపరేషన్ అయిన కుక్క చెవి కొసన చిన్న కోత ఉంటుంది. మీ వీధిలో కోత లేని చెవులు ఎన్నో లెక్కపెట్టి, ఆ లెక్కతో మునిసిపల్ వెటర్నరీ విభాగానికి రాయండి. "కుక్కలు ఎక్కువయ్యాయి" అని రాసేకన్నా "పదకొండు కుక్కల్లో ఏడింటికి ఆపరేషన్ కాలేదు" అని రాస్తే బండి వస్తుంది. కరిస్తే మాత్రం ముందు పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివేవీ పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ఇందులో రేపటికి వాయిదా లేదు.

చెత్త గురించి ఎక్కువ చెప్పను. లైటు వెలిగి, తుప్పలు పోయాక అక్కడ చెత్త వేయడానికి వేసేవాళ్లకే మొహం చెల్లలేదు.

పోలీసులతో మాట్లాడటం

స్టేషన్ మెట్లెక్కడమంటే మనకి భయం. ఆ భయం వల్ల రెండు తప్పులు చేస్తాం. ఫోన్ చేయాల్సినప్పుడు చేయం. ఓపిక నశించాక వెళ్లి, అప్పటికప్పుడు కేసు పెట్టి లోపలేయమంటాం.

జరుగుతున్నదానికి 112. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడున్నా అదే నంబరు, 100 అన్నా పనిచేస్తుంది. ఎత్తగానే ముందు మీరెక్కడున్నారో చెప్పండి. కాలనీ, వీధి, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు. ఏం జరుగుతోందో తర్వాత. లైను తెగిపోయినా బండి ఎటు రావాలో వాళ్లకి తెలుస్తుంది. ఫోన్ చేసింది ఎవరో అవతలివాళ్లకి తెలియనివ్వొద్దని కూడా అడగండి, అలా అడగడం మీ హక్కు.

మళ్లీ మళ్లీ జరిగేదానికి స్టేషన్‌కి వెళ్లాలి. పగటిపూట, ఇద్దరు ముగ్గురు కలిసి, రాసుకున్న కాగితంతో. ఆ కాగితం ఎలా ఉండాలో మా నోటు పుస్తకంలో ఒక పేజీ చూపిస్తాను:

"మంగళవారం. రా. 8.40 నుంచి 11.15. నలుగురు. రెండు బైకులు, నంబర్లు రాశాం. సీసా పగలగొట్టారు. బుధవారం. ఎవరూ రాలేదు. వాన. గురువారం. రా. 9.05 నుంచి 10.50. ఆరుగురు. ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లల్ని చూసి అరిచారు. 112కి 9.20కి ఫోన్, 9.45కి బండి వచ్చింది, వెళ్లిపోయారు. శుక్రవారం. రా. 8.50..."

పద్దెనిమిది రోజుల లెక్క అలా రాశాం. మా మేడ మీద కిటికీలోంచి చూసి రాసిందే. ఎవరూ వాళ్ల దగ్గరికి వెళ్లలేదు, ముఖం మీద ఫోన్ పెట్టి వీడియో తీయలేదు. తాగి ఉన్నవాళ్లతో వాదనకి దిగొద్దు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి.

ఎస్సై గారు ఆ పేజీలు తిరగేసి, "తొమ్మిదికి వస్తారన్నమాట" అన్నారు. అంతే. ఆయనకి కావలసిన సంగతి అదొక్కటే. తొమ్మిదికి పెట్రోలింగ్ బైకు అటు తిరగడం మొదలైంది. రెండు రోజులు పట్టుబడ్డారు, పెట్టీ కేసు రాశారు. బహిరంగంగా తాగి ఇబ్బంది కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ కింద ఇరవై నాలుగు గంటల దాకా సాధారణ జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే సమాజ సేవ వేయవచ్చు. చిన్న శిక్షే. ఆ కుర్రాళ్ల జీవితాలు పాడవాలని మాకూ లేదు. వాళ్లలో ఒకడు మా ఇస్త్రీ బండి ఆమె తమ్ముడి కొడుకని తర్వాత తెలిసింది. ఆమె ఇంటికి వెళ్లి పెట్టిన చీవాట్లు జరిమానా కంటే ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం.

ఇలాంటి చిన్న ఇబ్బందులకి ఎఫ్‌ఐఆర్ అడిగి భంగపడకండి. దొంగతనం, దాడి, లైంగిక వేధింపు లాంటి తీవ్రమైన నేరాలు జరిగితే మాత్రం ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీరు వెళ్లిన స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయించవచ్చు. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆడవాళ్లని వెంటాడటం, వేధించడం జరిగితే తెలంగాణలో షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి. 2014 నుంచి పనిచేస్తున్నాయి, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. రెండు రాష్ట్రాల్లోనూ మహిళలకి 181, పిల్లలకి 1098, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి 14567. పండక్కి ఊరెళ్తూ ఇంటికి తాళం వేస్తే స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ఆంధ్రాలో దానికోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అని పోలీసుల యాప్ ఉంది.

చప్పుడు

చప్పుడు సంగతి విడిగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ అవతలి మనిషి రేపు కూడా మన పక్కింట్లోనే ఉంటాడు.

మా అత్తగారికి గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన పదో రోజు, వెనక వీధిలో పెళ్లి. టెంటు, డీజే. రాత్రి తొమ్మిదిన్నరకి కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. మా ఆయన 112 నొక్కబోతుంటే నేను ఆపి, చీర మార్చుకుని అక్కడికి వెళ్లాను. పిల్ల తండ్రి ఎవరో కనుక్కుని పక్కకి పిలిచాను.

"అన్నయ్యగారూ, శుభమా అని పెళ్లి జరుగుతుంటే అడ్డొచ్చాననుకోకండి. మా అత్తగారికి బైపాస్ అయి పది రోజులైంది. ఆ పెద్ద బాక్సు మా గోడవైపు ఉంది."

ఆయన గాభరాపడ్డారు. "అయ్యో, చెప్పరేమమ్మా ముందే!" బాక్సుని అటు తిప్పించారు, పదింటికల్లా ఆపించారు. మర్నాడు మా ఇంటికి లడ్డూలు వచ్చాయి.

ప్రతిసారీ లడ్డూలు రావు. ఫంక్షన్ హాలు వాళ్లకి, రోజూ పన్నెండింటిదాకా స్పీకర్ పెట్టేవాళ్లకి మర్యాద ఒక్కటే చాలదు. వాళ్లకోసం చట్టం తెలిసి ఉండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్ వాడకూడదు. పండగలకి పన్నెండు దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. పగలైనా స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. కాబట్టి పోలీసులకి ఫోన్ చేసినప్పుడు "చాలా గోలగా ఉంది" అనకండి. "టైము పదకొండు పది. ఆరుబయట స్పీకర్ మోగుతోంది" అనండి. గోల ఎంతన్నది వాదనకి వస్తుంది, టైము మీద వాదన ఉండదు.

కదలకపోతే

అన్నీ సరిగ్గా చేసినా కదలని పనులు ఉంటాయి. దానికి ముందే సిద్ధపడి, ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే మీ దగ్గరున్న నకలు మీద స్టాంపు వేయించుకోండి. యాప్‌లో పెడితే ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆంధ్రాలో 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో పారిశుధ్యానికి, ప్లానింగుకి, సౌకర్యాలకి వేర్వేరు కార్యదర్శుల్ని పెట్టారు. ఎవరి పనో అడిగి వాళ్లకే ఇవ్వండి. సోమవారం కలెక్టరాఫీసులో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతాయి. అక్కడికి మొదటి అర్జీతో వెళ్లకండి, పాత రసీదుతో వెళ్లండి.

నెల దాటితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయలు. రెండే ప్రశ్నలు: ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ మీద ఇప్పటిదాకా ఏ రోజు ఏం చేశారు? ప్రస్తుతం ఆ ఫైలు ఏ ఉద్యోగి దగ్గర ఉంది? ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మేం అలా పెట్టినప్పుడు జవాబు రాకముందే పని జరిగింది. ఫైలు మీద తమ పేరు రాయాల్సి వచ్చేసరికి ఎవరో లేచి వచ్చి చూశారు.

ఆ పైన రెండు తలుపులున్నాయి. మొదటిది పర్మనెంట్ లోక్ అదాలత్. నీళ్లు, కరెంటు, పారిశుధ్యం లాంటి ప్రజా సేవల తగాదాలు అక్కడ చెప్పుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. న్యాయసేవాధికార సంస్థ 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. రెండోది ఆర్డీవో. ప్రజలకి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆయన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇవ్వవచ్చు.

అది ఇదివరకు సీఆర్‌పీసీ 133. దాని బలమేమిటో మధ్యప్రదేశ్‌లోని రత్లాం ఊరివాళ్లు చూపించారు. వీధిలో మురుగు, కంపు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. కాలువలు కట్టమని ఆయన మునిసిపాలిటీని ఆదేశించాడు. డబ్బు లేదని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఖజానా ఖాళీగా ఉందని చెప్పి మునిసిపాలిటీ తన విధి నుంచి తప్పించుకోలేదన్నారు. ఆ వీధివాళ్లు మనలాంటి మామూలు మనుషులే. వాళ్లు వెళ్లింది కూడా ముందు తమ ఊరి మేజిస్ట్రేటు దగ్గరికే.

పోయిన వారం వెనక వీధి నుంచి ఒకావిడ వచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు, భర్తది నైట్ డ్యూటీ. వాళ్ల గేటు ముందు లైటు వెలగడం లేదట. "ఎవరికి చెప్పుకోవాలండీ?" అన్నారు. స్తంభం నంబరు చూశారా అని అడిగాను. లేదన్నారు. టార్చి తీసుకుని ఇద్దరం వెళ్లాం. పెయింటు సగం ఊడిపోయి ఉంది. ఆవిడ మునివేళ్ల మీద లేచి, వేలితో తడుముకుంటూ ఒక్కొక్క అంకే పైకి చదువుతుంటే నేను రాసుకున్నాను.